రొయ్యల గుంటకు పథ్యం

నా చిన్నప్పుడు ఆత్మకూరు దగ్గర మా పల్లెలో, మా నాయన చేని పక్కనున్న గుంటలో నీలకంఠ రొయ్యలు పెంచేవాడు. ఒక ఏడు వాటి పెంకుల మీద నల్లమచ్చలు లేచాయి. మందులమ్మే ఆయన చెప్పినట్టు నాయన మేతలో మందు కలిపి వేశాడు. ఆ మందు రొయ్యల ఒంట్లోంచి పోయేదాకా వాటిని పట్టకూడదు, తినకూడదని ఆయన గట్టిగా చెప్పి పోయాడు.

అప్పుడే మా చిన్నత్త పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. ఏం పెట్టినా ఆమె నోటికి సహించేది కాదు. రొయ్యల కూర ఒక్కటే కావాలనేది.

“గుంట నిండా ఉండాయి గదమ్మా, నా నోటికి నాలుగు కరువైనాయా?” అని వాళ్లమ్మ, అంటే మా అవ్వ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకునేది. నాయన మెత్తబడ్డాడు. “నాలుగు తింటే ఏమవతాదిలే అమ్మా,” అంటూ వల భుజాన వేసుకున్నాడు.

మా అవ్వ గడపకు అడ్డం నిలబడింది. “జరమొచ్చి మాత్ర మింగితే నువ్వు పథ్యం ఉండవా? ఇప్పుడు మందు తిన్నది రొయ్య. దాని పథ్యం తీరకముందే నా బిడ్డ కడుపులోకి పంపుతావంట్రా?”

అంతటితో ఊరుకోలేదు. ఎవరైనా చాటుగా వల వేస్తారేమోనని గుంట చుట్టూ పుల్లలు పాతి, అమ్మవారు పోసిన ఇంటికి కట్టినట్టు వేపమండలు కట్టింది. అలాంటి ఇంట్లో మావాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. పక్కింటి పెద్దమ్మ పగలబడి నవ్వింది. “ఏంది వదినా, రొయ్యలకి అమ్మవారా! తగ్గినాక నీళ్లెట్ట పోస్తావు, అవి ఉండేదే నీళ్లల్లో గదా?”

“నిన్నే పిలస్తాలే, చెంబు తెచ్చుకో,” అంది అవ్వ.

నవ్వినవాళ్లెవరూ గుంటలో చెయ్యి పెట్టలేదు. చిన్నత్త మాత్రం అవ్వతో మాట మానేసింది. తీరా గుంట పథ్యం తీరేసరికి ఆమె ప్రసవించింది, బాలింత పథ్యం మొదలైంది! అదీ తీరాక అవ్వ బతికున్న రొయ్యలు పట్టించి, నరం తీసి, బాగా ఉడికించి పెట్టింది. చిన్నత్త ఒళ్లో బిడ్డను పెట్టుకుని గిన్నె ఖాళీ చేసింది. మాటలూ కలిశాయి.

ఇప్పుడు నేను రొయ్యలు కొనబోతే, మందేసి ఎన్నాళ్లయిందని ముందే అడుగుతాను. అమ్మేవాడు నీళ్లు నమిలితే వట్టి చేతులతో వచ్చేస్తాను. మనవలు మూతి ముడుచుకుంటారు. ముడుచుకోనీ. ముద్దు చేసే బిడ్డలకైనా ‘వద్దు’ అని చెప్పగలగాలి, ఆ గట్టిదనం నాకు అవ్వ ఇచ్చిపోయింది. ఆ పూటకు పప్పుచారు కాచి, ముద్దలు కలిపి నేనే నోట్లో పెడతాను.