సింహాద్రి ఆగిపోయిన గుమ్మం

నా నోటికి తాళం వేసి, తాళంచెవి వేగావతి ఏట్లో పారెయ్యాల్సిన ఆదివారం ఒకటుంది. ఎవరూ ఆ పుణ్యం కట్టుకోలేదు. వినండి నా ఘనకార్యం.

సాలూరులో మా బావ లారీ లోడు మీద టార్పాలిన్ కడుతూ జారిపడి అప్పటికి మూడేళ్లు. నడుం కింద చలనం లేదు, మంచమే లోకం. ఆయనకి పొద్దుపోతుందని నేనో ఆట పట్టుకొచ్చాను. తలో వేషం ఎంచుకుని, పాచికలు వేస్తూ, నోటితో కథ నడుపుకునే ఆట. నడిపేది నేనే, అంటే ఆ లోకానికి బ్రహ్మదేవుణ్ణన్నమాట.

అక్క గంధర్వకన్య అయింది. బావ మాత్రం, "నాకు రెక్కలొద్దు, మాయలొద్దురా. మనిసి సాలు," అన్నాడు. తన వేషం కాగితం మీద మనిషి అని, సింహాద్రి అని పేరూ రాసుకున్నాడు. ఆదివారమొస్తే పొద్దున్నే గెడ్డం గీసుకుని, దిండుకానుకుని నాకోసం చూసేవాడు.

ఆ వేళ కథలో ఓ కోట గుమ్మం వచ్చింది. "మానవాతీతులకు ప్రవేశం లేదు," అని గంభీరంగా చదివాను. గంధర్వకన్య బయటే ఆగిపోయింది.

బావ మొహం వెలిగిపోయింది. "అయితే నేనొక్కణ్ణే ఎల్తాను! ఒసే, నువ్విక్కడే ఉండు, ఎల్లొచ్చేస్తాను."

మూడేళ్లలో అక్కతో 'ఎల్లొచ్చేస్తాను' అనడం అదే మొదలు. బుద్ధున్నవాడైతే గుమ్మం తెరుస్తాడు. నేను రూల్సు పుస్తకం తెరిచాను.

"ఆగు బావా. నీ సింహాద్రి మనిషి కాదు."

"ఏటి కాదు? కాయితం మీద మనిసనే రాసున్నాది, సూడు!"

"కిందటి వారం కొండ మీంచి పడ్డాడా? మర్నాటికల్లా లేచి పరిగెత్తాడా? అంత ఎత్తునుంచి పడి లేచినవాడు మనిషెలా అవుతాడు? మానవాతీతుడే!"

అబ్బో, ఏం వాదన! నన్ను నేనే మెచ్చుకుంటూ తలెత్తి చూస్తే, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. సిగ్గుతో చచ్చిపోయాను.

బావ దుప్పటి కాళ్లమీదికి లాక్కున్నాడు. "నిజమేరా. మనిసైతే లెగడు," అని పాచికలు నా చేతిలో పెట్టేశాడు.

మరుసటి ఆదివారం జిలేబీ పొట్లంతో వెళ్లాను. "రూలు మార్చేశాను బావా! గుమ్మం తెరిచే ఉంది, లోపలికెళ్లు!"

"నువ్వెల్లరా," అని గోడవైపు తిరిగాడు. "నీకు కాళ్లున్నాయి కదా."

జిలేబీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరు మనిషో, ఎవరు కాదో తేల్చే పని ఈ జన్మలో పెట్టుకోను. నా విషయంలో మాత్రం అక్క ఆ రోజే తేల్చేసింది.