తలుపుల్లేని కోట వాకిలి

అరబ్బు దేశంలో, సల్వా అనే చోట నేను పనిమనిషిగా ఉన్న ఇంటి హాల్లో గోడకు ఒక చెక్క డాలు ఉంది. ఇంటావిడను పనివాళ్లం మేం మామా అంటాం. వైద్యానికని జర్మనీ వెళ్లిన ఆమె కొడుకు దాన్ని పంపించాడు. అక్కడి ఊరి ముద్రట అది. ఆకుపచ్చ అడవి, కింద వంకరటింకరగా తెల్లటి ఏరు, మధ్యలో కోట వాకిలి. ఆ వాకిలికి తలుపుల్లేవు.

ఎందుకు లేవో అతనే ఫోన్లో చెప్పాడు. పూర్వం ఎప్పుడో ఆ ఊరు తగలబడితే జనం అడవిలోకి పారిపోయారట. తలుపులు కాలిపోయినా రాతి వాకిలి నిలిచింది. దాన్ని చూసి దారి గుర్తుపట్టి ఒక్కొక్కరే వెనక్కి వచ్చారట. ఎవరు ఏ వేళప్పుడు వచ్చినా అడ్డం ఉండకూడదని ముద్రలో తలుపులు వేయలేదట. ఊరు కాలిపోయిన సంగతి కూడా ఎవరైనా బొమ్మ గీసుకుంటారా అని నేను మూతి విరిచాను. మామా మాత్రం ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ కథ చెప్పుకునేది.

శుక్రవారం గడపకు పసుపు రాయకపోతే నాకు చెయ్యి ఊరుకోదు. ఇక్కడ గడపలెక్కడివి, అంతా చలవరాయే. ఒక శుక్రవారం డాలు తుడుస్తూ, వంటింటి పసుపు తడిపి ఆ బొమ్మ వాకిలి కింద సన్నగా గీత రాశాను. వెనక్కి తిరిగితే మామా. నా పని అయిపోయిందనుకున్నాను. ఏమిటది అని అడిగింది.

"మా రాయచోటి పక్క ఇట్లే రాస్తాం మామా. గడప పచ్చగా ఉంటే బయటికి పోయినోళ్లు క్షేమంగా వస్తారని మా అవ్వ చెప్పేది," అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను.

ఆమె తుడవమనలేదు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పసుపు డబ్బా తనే తీసి నా చేతికిచ్చేది.

ఈ చలికాలంలో కొడుకు పెట్టెలో వచ్చాడు. ఆ రోజే మట్టి చేశారు. ఇల్లంతా నల్లబట్టల ఆడవాళ్లు, చేదు కాఫీ. డాలు వైపు చూస్తే నాకు ఒళ్లు మండింది. తలుపుల్లేని వాకిలట, ఏం లాభం?

శుక్రవారం వచ్చింది. చావు జరిగిన ఇంటి గడపకు మావాళ్లు పసుపు ముట్టించరు. ఉత్తగా డాలు తుడిచేసి వెళ్లబోయాను. సోఫాలో మామా ఒక్కతే కూర్చుని ఉంది.

"ఈ రోజు జుమ్మా కదా. పసుపు రాయలేదేం?" అంది.

ఖలాస్ మామా, ఇంక రాయకూడదు అని నోటిదాకా వచ్చింది. పసుపు డబ్బా అప్పటికే ఆమె ఒళ్లో ఉంది. మా ఊళ్లో అయితే నా మొహాన ఊసేవాళ్లు. ఏడుస్తూనే తడిపి రాశాను.

మామా లేచి దగ్గరికి వచ్చింది. గీత ఆ చివరిదాకా రాలేదని వేలితో చూపించింది.