అన్న పరుగు మీద అవ్వ అనుమానం

నా చిన్నప్పుడు... పొద్దున్నే అన్న బడి గ్రౌండులో గుండ్రంగా పరుగెత్తుతుంటే, మా అవ్వ, బాపును కన్న తల్లి, గోడ పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లార్పకుండా చూసేది. చూడటం కాదు... కాపు కాసేది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో సంగతి. జడ్చర్ల దగ్గర ఊరు మాది, గొర్ల మంద మీద బతికే ఇల్లు. డిగ్రీ చదివిన అన్న, పోలీసు ఉద్యోగం రాక ఇంటికొచ్చి మంచం పట్టాడు. జ్వరం లేదు, దగ్గు లేదు... గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు మాత్రం "బతుకు మీద మనసే పోతలేదు బాపూ" అన్నాడు.

బాపు ఆ రోజే మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు గోలీలిచ్చి, రోజూ కాసేపు పరుగెత్తమన్నాడట.

అవ్వ నమ్మితే గదా... రోగమొచ్చినవాణ్ణి పండుకోమంటారు గానీ ఏ డాక్టరన్నా ఉరకమంటాడా అని బాపును నిలదీసింది. గోలీల అట్టను వెలుతురుకు పెట్టి చూసింది. అన్న బూట్లను వాసన కూడా చూసింది, ఎందుకో మరి.

అసలు భయం వేరే. అది నాకొక్కదానికే చెప్పింది. గొర్రెకు తలలో పురుగు పడితే మేత మానేస్తుంది, మందను విడిచి ఒంటరిగా నిలబడుతుంది. ఆ తర్వాత ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతుంది. అట్లాంటి గొర్రె మళ్లీ మందలో కలవడం అవ్వ ఎన్నడూ చూడలేదు. అన్న తిండి మానేశాడు, మనుషుల్ని విడిచాడు. ఇప్పుడేమో గుండ్రంగా తిరుగుతున్నాడు... అదీ రోజూ ఎడమ పక్కకే.

ఒక పొద్దున ఉండబట్టలేక గ్రౌండులోకి పోయి అన్నకు అడ్డం నిలబడింది.

"జర గీ దిక్కు తిరుగు కొడుకా... ఒక్కపారి."

నేను గోడ దగ్గరే లేచి నిలబడ్డాను. తిరగలేకపోతే...?

అన్న అవ్వ మొహం చూశాడు. వెనక్కి మళ్లి, కుడి పక్కకు ఒక చుట్టు తిరిగొచ్చాడు. అవ్వ ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చింది. నేను సంగతి చెబితే అన్న నవ్వాడు... ఎన్నాళ్లకో. ఇంటికొచ్చి రొట్టె అడిగి మరీ పెట్టించుకున్నాడు.

అంతటితో అనుమానం పోయిందనుకోకండి. అన్న మెల్లగా తేరుకుని పనికి కుదిరేదాకా, చివర్లో ఒక చుట్టు ఉల్టా తిరిగితేనే అవ్వ ఇంటికి రానిచ్చేది.

అవ్వ ఇప్పుడు లేదు. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నాను. మనసు బరువైనప్పుడు పార్కులో పరుగెత్తుతాను. చేతి గడియారం నా గుండె ఎట్లా కొట్టుకుంటుందో చూపించి శభాష్ అంటుంది. నేనూ అవ్వ మనవరాలినే... ఆ శభాష్‌ను నమ్మను. పక్కన ఉరికేవాళ్లు ఏ బాధకు ఉరుకుతున్నారో నాకు తెలియదు, నా సంగతి వాళ్లకు పట్టదు.

చివర్లో ఒక చుట్టు ఉల్టా తిరుగుతాను. ఎదురొచ్చేవాళ్లు విసుక్కుంటారు. గోడ పక్కన మాత్రం ఎవరూ ఉండరు...

మీ ఇంట్లో మిమ్మల్ని అట్లా అనుమానంగా కనిపెట్టుకుని కూర్చున్నదెవరు? చెప్పండి. వాళ్లు ఇంకా ఉంటే... ఒకసారి వాళ్ల కళ్ల ముందు ఒక చుట్టు తిరిగి రండి.