కుక్క ఆకాశాన తిరిగిన కార్తీకం

రష్యా వాళ్లు ఒక కుక్కను ఆకాశంలోకి పంపారన్న కబురు ప్రొద్దుటూరికి చేరేనాటికి నాకు నెలలు నిండాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాది. అంతకు ముందు నెలలోనే వాళ్లు ఒక లోహపు గుండును పైకి పంపారనీ, అది భూమి చుట్టూ తిరుగుతోందనీ పేపర్లో వచ్చింది. దాన్ని మా వీధిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎంత తిరిగినా గుండు గుండే కదా అనుకున్నారు. కుక్క సంగతి అలా కాదు. అది ప్రాణమున్న జీవి. దానికి ఆకలేస్తుంది, భయమేస్తుంది. అది చచ్చిపోతే ఎక్కడ పడుతుంది? పడకపోతే ఆ పీనుగ మన ఇళ్లమీదుగా తిరుగుతూనే ఉంటుందా? మైల ఎన్నాళ్లు పట్టాలి? ఈ ప్రశ్నలన్నీ మా ఇంటి అరుగు మీదికే వచ్చేవి. ఎందుకంటే మా ఆయన హైస్కూల్లో సైన్సు పంతులు.

ఆయనకు ఆ రోజుల్లో అన్నం కూడా సయించేది కాదు, అంత సంబరం. సాయంత్రం పార్కులో రేడియో వార్తలు విని వచ్చి, అరుగు మీద చేరినవాళ్లకు కొబ్బరికాయనూ నిమ్మకాయనూ తిప్పి చూపించేవారు. పొద్దు వాలేటప్పుడో, తెల్లవారేముందో కుక్క ఉన్న ఆ పెట్టె చుక్కలా మనకూ కనిపించవచ్చని చెప్పేవారు. ఒకరోజు ఎదురువీధి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఊళ్లో నలుగురూ ఆయన మాటకు విలువిస్తారు.

"అయ్యవారూ, కొబ్బరికాయలు తిప్పేది సరే. నోరులేని జీవిని పెట్టెలో పెట్టి మూసి పైకి పంపిరే, దాని ఉసురు ఎవరికి తగలాల? రష్యా వానికా, కింద ఉండే మనకా?"

మా ఆయన నవ్వబోయి ఊరుకున్నారు. లోపల గడప దగ్గర నిలబడ్డ మా అత్త నవ్వలేదు.

మా అత్త భయానికి కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందు తొలికాన్పుకు నేను పులివెందులలో మా పుట్టింటికి వెళ్లాను. మగపిల్లవాడు పుట్టాడు కానీ ఊపిరి తీసుకోలేదు. నేను కడుపుతో ఉండగా వచ్చిన గ్రహణం నాడు మా అమ్మ నన్ను పడుకోబెట్టకుండా ఇంటి పనుల్లో తిరగనిచ్చిందని ఎవరో మా అత్తకు చెప్పారు. ఆనాటి నుంచి ఆమె మా అమ్మతో మాట్లాడలేదు. రెండోసారి కడుపు పండినప్పుడు ఒక్కటే మాట అంది.

"ఈసారి కాన్పు ఈడనే. నా కళ్లముందర. పులివెందుల మాట ఎత్తితే నేనూరుకోను."

నేనూ ఎత్తలేదు. నాకూ భయంగానే ఉంది.

కుక్క వెళ్లిన కొద్దిరోజులకే కార్తీక పున్నమి వచ్చింది. ఆ పున్నమి నాడే చంద్రగ్రహణం. పొద్దు గూకగానే పట్టి, చంద్రుణ్ణి పూర్తిగా మింగుతుందని పంచాంగంలో ఉంది. పైన కుక్క, ఆ పక్కనే గ్రహణం. మా వీధి ఆడవాళ్లు నన్ను చూసినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. మా అత్త ముందురోజే నా గది కిటికీకి దుప్పటి కట్టింది. నీళ్ల బిందెల్లో, ఊరగాయ జాడీల్లో దర్భలు వేసింది. పొద్దువాలాక వెల్లకిలా పడుకోవాలనీ, కాలు ముడవకూడదనీ, గోరు కూడా గిల్లుకోకూడదనీ పదిసార్లు చెప్పింది.

గ్రహణం నాటి మధ్యాహ్నమే నాకు ఉమ్మనీరు పోయింది.

మంత్రసాని వచ్చింది. కడుపు తడిమి చూసి, చేతులు కడుక్కుని, మా అత్తను వసారాలోకి పిలిచింది. మెల్లగానే చెప్పింది కానీ నాకు వినబడింది.

"బిడ్డ అడ్డంగా ఉండాది పెద్దమ్మా. ఇది నా శాతయ్యే పని కాదు. జమ్మలమడుగు పెద్దాసుపత్రికి తీసకపోండి. ఆడ డాక్టరమ్మ ఉండాది. ఆలస్యం చేస్తే ఇద్దరూ దక్కరు."

మంత్రసాని కొంగు దులుపుకుని, "గ్రహణం పట్టేలోగా నేను ఇంటికి పోవాల" అంటూ వెళ్లిపోయింది. ఆమెకూ ఇంట్లో కడుపుతో ఉన్న కూతురు ఉంది.

మా ఆయన బడిలో లేరు. ఆ సాయంత్రం కుక్క వెళ్తున్న చుక్క కనబడవచ్చని పిల్లలను వెంటబెట్టుకుని ఊరి బయట మైదానానికి వెళ్లారు. పక్కింటి సాయిబు భార్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి ఆయనను పిలుచుకొచ్చింది. ఆయన వచ్చేసరికి ఎండ గోడలెక్కుతోంది. నాకు నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి.

"అమ్మా, సాయిబును జట్కా కట్టమంటా. పోదాం పా" అన్నారు ఆయన.

"గ్రహణం ముందర పెట్టుకొని యాడికి పోతాండావురా?"

"గ్రహణమంటే భూమి నీడమ్మా. అంతే. నీడ వల్ల ఎవరికీ ఏమీ కాదు."

"నీ నీడ సంగతి నీ పిలకాయలకు సెప్పుకో. పోయినసారి పోయింది నీ బిడ్డ గాదా? పులివెందులకు పోయి నీళ్లు పోసింది నేను. మూటగట్టి ఇచ్చింది నేను."

బయట జట్కా చక్రాలు అరుగు దగ్గరకు వచ్చి ఆగిన చప్పుడైంది. ఎవరూ అడగకుండానే సాయిబు బండి కట్టుకొచ్చాడు. మా అత్త మాత్రం కదలలేదు. నా తలదగ్గర కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. వాకిలి గుండా వచ్చే వెలుగు తగ్గిపోతూ ఉంది. ఇక నన్ను ఆసుపత్రికి తీసుకుపోరేమో, ఈ గదిలోనే ఈ బిడ్డ కూడా పోతుందేమోనని నాకు అనిపించింది.

ఇంకో నొప్పి వచ్చి నేను అరిచాను. తర్వాత ఏడుస్తూ, "అత్తా, బిడ్డ కదలడం లేదు" అన్నాను.

ఆమె నా కడుపు మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. ఏం తెలిసిందో నాకు చెప్పలేదు. లేచి, దండెం మీదున్న నల్ల కంబళి లాగింది. బిందెలోని దర్భలు తీసి నా కొంగున ముడివేసింది. కొడుకుతో అంది:

"నువ్వు సైకిలెక్కి ముందర పో. డాక్టరమ్మను లేపి పెట్టు. మేం ఎనకాల వస్తాం."

"అమ్మా, గ్రహణం..."

"నీడ అంటివి గదా. పో!"

సాయిబు, ఆయన భార్య కలిసి నన్ను జట్కాలో పడుకోబెట్టారు. మా అత్త నన్ను తల నుంచి పాదాల దాకా కంబళితో కప్పి, తను బండి వెనక భాగాన, తెరిచి ఉన్న చోట, అడ్డంగా కూర్చుంది. జమ్మలమడుగు దారి పడమటికి పోతుంది. చంద్రుడు మా వెనక, తూర్పున లేస్తున్నాడు.

"అట్ల కుచ్చుంటే పడిపోతావు పెద్దమ్మా, లోపలికి జరుగు" అన్నాడు సాయిబు.

"జరగను. దానికీ ఈ పిల్లకీ మధ్యన నేనుంటా. తగిలేదేదో నాకే తగలనీ. నువ్వు తోలు."

నూనె మిల్లు దాటాక బండి ఆగింది. కంబళి సందులోంచి నాకు మనుషుల కాళ్లు కనిపించాయి, చాలా కాళ్లు. కుక్క చుక్కను చూడడానికి ఊరి జనం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. అదిగో అని ఒకరు, అది కాదు ఇది అని ఇంకొకరు కేకలు వేస్తున్నారు. ఇంతలో చంద్రుడికి ఒక పక్క మసి అంటుకుందని ఎవరో అరిచారు. అందరూ ఒక్కసారిగా గొంతు తగ్గించారు. ఆ నిశ్శబ్దంలో నేను మూలిగాను.

"బండిలో ఎవరు?" అన్న గొంతు ఎదురువీధి పెద్దాయనది. గుర్రం కళ్లెం ఆయన చేతిలో ఉందని సాయిబు తర్వాత చెప్పాడు.

"అయ్యవారి భార్య. కాన్పు కష్టమైంది. ఇడ్సు పెద్దప్పా" అన్నాడు సాయిబు.

"మతి ఉండాదా మీకు? పైన కుక్క పీనుగ తిరుగుతాండాది. గ్రహణం పట్టె. చూల్దాన్ని నడి రోడ్డు మీదికి తెస్తారా? ఊరికి అరిష్టం. తిప్పు బండి!"

ఇంకా రెండు మూడు గొంతులు "తిప్పు, తిప్పు" అన్నాయి. గుర్రం వెనక్కి అడుగు వేసింది. బండి ఒక పక్కకు ఒరిగి నా నడుములో కత్తి దింపినట్టయింది. నేను కంబళి అంచు నోట్లో కుక్కుకున్నాను.

మా అత్త బండి దిగిన చప్పుడు విన్నాను. ఆమె వీధిలో మగవాళ్లతో ఎన్నడూ గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఎదురువీధి పెద్దాయన ఎదురొస్తే పక్కకు తప్పుకునేది.

"అరిష్టమొస్తే నా ఇంటికి రావాల, మీ ఇంటికి గాదు" అంది. "పోయినసారి నా మనమడు పోయినప్పుడు మీ ఊరికేమొచ్చె? మీ పొయ్యిలు ఆరిపాయెనా? నేనొక్కదాన్నే ఏడిస్తి. ఈ పొద్దు ఈ పిల్ల పోతే గూడా నేనొక్కదాన్నే ఏడ్సాల. ఇడ్సు అన్నా. కళ్లెం ఇడ్సు."

కంబళి కింద నాకు గుర్రం ఊపిరి వినబడింది. తర్వాత మా అత్త మళ్లీ వెనక ఎక్కి కూర్చుంది, బండి కదిలింది. ఆయన కళ్లెం వదిలాడో, మా అత్తే లాక్కుందో నాకు తెలియదు. వెనకనుంచి అదే పెద్దాయన గొంతు, "దారి ఇడ్సండ్రా, పక్కకు జరగండ్రా" అని మాత్రం వినబడింది.

ఊరు దాటాక చీకటి పెరుగుతూ పోయింది. పున్నమి రాత్రి అమావాస్య అవుతుంటే గుర్రం బెదిరి ఒకచోట మొండికేసింది. సాయిబు దిగి లాంతరు వెలిగించి దాని మెడ నిమిరాడు. ఏదో గొణుగుతుంటే మా అత్త అడిగింది.

"ఏందప్పా అంటాండావు?"

"గ్రహణానికి మాలో నమాజు చేస్తారు పెద్దమ్మా. బండి ఆపే టైము లేదు గదా, నోట్లోనే సదువుకుంటాండా."

"సదువు, సదువు. గట్టిగానే సదువు" అంది మా అత్త.

తర్వాత నన్ను మాటల్లో పెట్టింది. నేను స్పృహ తప్పుతానని ఆమె భయపడిందని ఇప్పుడనిపిస్తుంది. నా కాలు మీద చెయ్యి వేసి, "అమ్మీ, పలుకు. ఆ కుక్క ఆడదంట గదా?" అంది.

"ఆయన అట్లే సెప్పె అత్తా."

"ఒక్కదాన్నే పంపిరంట. తోడు ఇంకొకదాన్ని గూడా పెట్టలేదంట. ఎట్ల ఉండాదో అది." నా కాలు తట్టి, "గమ్మునుండొద్దు అమ్మీ, ఏదన్నా మాట్లాడు" అంది. నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఆమె చేతిని మాత్రం వదల్లేదు.

ఆసుపత్రి గేటు దగ్గర మా ఆయన, ఒక నర్సు స్ట్రెచరు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన చొక్కా చెమటకు తడిసి వంటికి అతుక్కుపోయింది. డాక్టరమ్మ నన్ను చూసి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా లోపలికి తోయమంది. ముఖం మీద తియ్యటి వాసనున్న గుడ్డ పెట్టేవరకే నాకు తెలుసు.

మిగతాది మా ఆయన చెప్పారు. ఆపరేషను జరుగుతున్నంతసేపూ మా అత్త తలుపు ముందు నిలబడే ఉందట, కూర్చోమన్నా కూర్చోలేదట. బిడ్డ బయటపడ్డాక ఏడుపు వెంటనే వినబడలేదు. ఆ కాస్త ఆలస్యానికి ఆమె గోడకు తల ఆనించుకుందట. అప్పుడు వినబడిందట ఏడుపు, సన్నగా, కోపంగా. నర్సు ఆడపిల్లను తెచ్చి చూపిస్తే ఆమె ముద్దాడలేదు. లాంతరు దగ్గరికి తీసుకెళ్లి పైపెదవి చూసింది. చెవులు చూసింది. వేళ్లన్నీ విడదీసి చూసింది. తర్వాత బిడ్డను కొడుకు చేతిలో పెట్టి, నేరుగా ఆసుపత్రి బావి దగ్గరికి పోయి, ఆ కార్తీకమాసపు చలిలో కట్టుబట్టలతో విడుపు స్నానం చేసింది. గ్రహణం అప్పటికి వదిలిందో లేదో ఆయన చూడలేదట.

నాకు తెలివి వచ్చేసరికి తెల్లవారింది. మా అత్త నా పక్క నేలమీద చాప వేసుకుని జ్వరంతో పడుకుని ఉంది. నేను కదలడం చూసి లేచి కూర్చుంది.

"మొర్రి లేదు అమ్మీ. అన్నీ ఉండాయి" అంది.

ఆమె జ్వరం వారం దాకా తగ్గలేదు. ఆ గ్రహణం దోషం నీకే తగిలిందని చూడవచ్చిన వాళ్లంటే, "తగలనీ, ముసలిదాన్ని" అనేది. గ్రహణం మీద ఆమె నమ్మకం పోలేదు. ఆ తర్వాత కూడా ప్రతి గ్రహణానికీ మా ఇంట్లో దర్భలు పడేవి. మా ఆయనా ఆ తర్వాత ఆమెతో నీడల గురించి వాదించలేదు. మైదానంలో పిల్లలు ఆ సాయంత్రం చుక్కను చూశారో లేదో ఆయన ఎవరినీ అడగలేదు.

మూడోరోజు కబురందుకుని పులివెందుల నుంచి మా అమ్మ బస్సులో వచ్చింది. వార్డు గుమ్మంలో నిలబడిపోయింది, లోపలికి రాలేదు. మా అత్త ఆమెను చూసింది. కుట్లు లాగుతున్నా లేవబోయాను.

"ఆడనే నిలబడితివేంది వదినా?" అంది మా అత్త. "నాకు జ్వరం. బిడ్డను ఎత్తుకునేదానికి లేదు. రా, నువ్వన్నా ఎత్తుకో."

మా అమ్మ చేతిసంచి గుమ్మంలోనే వదిలేసి లోపలికి వచ్చింది.