మంచి కయ్యల మర్యాద

ఉదయం ఆరున్నరకు తిరుపతిలో రైలెక్కాము. వెళ్లింది దేవుడి పని మీద కాదు, సగటు పని మీద. యుద్ధం రోజుల లెవీ ఇంకా నడుస్తోంది. వరి కయ్యల్లో, అంటే మడుల్లో, ఎకరానికి సగటున ఎన్ని వడ్లు పండాయో తేల్చి, దాన్నిబట్టి సర్కారు ఇంటింటా ధాన్యం తీసుకుంటుంది. సగటు ఎక్కువ పడిందా, ఊరి తిండిగింజలకే ఎసరు. పాకాల దగ్గరి ఒక ఊరికి ఆ సగటు కట్టే పని నా స్నేహితుడు, లెక్కల అయ్యవారు ఆచార్యులకు పడింది. రాసుకోవడానికి నేను తోడు.

"ఊరంతా కోస్తారా?" అనడిగాడు, మా పని సంగతి విని, ఎదుటి బల్ల మీద పొగాకు నములుతున్న పెద్దాయన.

"అక్కర్లేదు తాతా. కొన్ని కయ్యలు కోసి, వాటి పంటలో తేడా ఎంతుందో చూస్తాం. తేడా తక్కువైతే ఇంకొన్ని చాలు. తేడా రెండింతలైతే మాత్రం నాలుగింతల కయ్యలు కోయాలి," అన్నాడు ఆచార్యులు.

"అట్లయితే తేడా తక్కువుండాలని మొక్కోపో నాయనా!"

తొమ్మిదింటికి పాకాలలో దిగాము. స్టేషను బయట ఇడ్లీ బాగుంటుంది. చట్నీలో నీళ్లే ఎక్కువ, వెళ్లేవాళ్లు ఇంటి నుంచి పొడి తీసుకుపొండి. అక్కణ్నుంచి ఎద్దులబండిలో గంటన్నర. బస బడి అరుగు మీద.

ఊరిపెద్ద మునిరెడ్డి మమ్మల్ని చూసి పొంగిపోయాడు. అతిథులకు మంచి కయ్యలు చూపించడం ఆ ఊరి మర్యాద. ఏ కయ్య కోయాలో చీటీలు వేసి తేల్చాల్సింది; ఆచార్యులు అది మానేసి, "ఏవో అయిదు చూపించు రెడ్డీ," అన్నాడు. చెరువు కిందివే అయిదు చూపించాడు. ఒక్కోదాంట్లో కొలత పట్టి కాస్త మేర కోసి నూర్చాము. అన్నిటా దాదాపు ఒకే పంట.

"తేడా లేనే లేదు! ఇంకో మూడు కోస్తే చాలు. రేపు ఏకాదశికి ఇంట్లో ఉంటాం," అని ఆచార్యులు మురిసిపోయాడు.

సాయంత్రం మునెమ్మ వచ్చింది. గుట్ట కింద కాస్త వరి పెట్టుకుని ముగ్గురు బిడ్డల్ని సాకుతున్న మనిషి.

"అందరి కయ్యలూ సూసినారంట. మా కయ్యకు రారా? మేం ఈ ఊరోళ్లం కాదా?"

మునిరెడ్డికి తల కొట్టేసినట్టయింది. "ఆ తాలు కయ్యనా సామీ మీకు సూపించేది? ఊరి పరువేం కావాల?"

పరువు కోసం గింజలు ఎక్కువ ఇచ్చుకోవడానికి సిద్ధపడ్డ ఊరిని అప్పుడే చూశాను. నాకు నవ్వాగలేదు. మర్నాడు మునెమ్మ కయ్య కోశాక ఆ నవ్వు పోయింది. సగం తాలే, గింజ లేని పొట్టు. ముందు రోజు సగటు ప్రకారమైతే ఆమె ఇంటి గింజలు లెవీకే చాలవు.

ఆచార్యులు మొదటి లెక్క కొట్టేశాడు. ఊరి కయ్యలన్నిటికీ చీటీలు రాసి కుండలో వేసి, కళ్లు మూసుకుని కొన్ని తీశాడు. అవి కోస్తే తేడా రెండింతలు దాటింది. కోయాల్సిన కయ్యలు ఎనిమిది కాస్తా నలభై అయ్యాయి.

"సగటులో తప్పు రెండింతలైనా పరవాలేదనుకుంటే పది కయ్యలతోనే పోతుంది గదా!" అన్నాను, ఇంటి మీదికి మనసు మళ్లి.

"ఆ తప్పు ఎవరింటి గింజల్లోంచి పోతుందబ్బా?" అన్నాడు. సిగ్గేసి కొడవలి అందుకున్నాను.

వారం తర్వాత పాకాలలో సాయంత్రం రైలుబండి. మునిరెడ్డి సాగనంపడానికి వచ్చాడు.

"మా ఊరి సగటు బో తక్కువ రాసేసినారు సామీ. పక్కూరోళ్ల ముందర తలెత్తుకునేదెట్లా?"

"తిండికి మిగుల్తాయి గదా రెడ్డీ."

"మిగుల్తాయి. మునెమ్మకు గూడా నాలుగు గింజలు మిగుల్తాయిలే." ముఖం ముడుచుకునే అన్నాడు: "వచ్చే పైరుకు మా బాయి నీళ్లు ఆ యమ్మ కయ్యకు పారిస్తా. మల్లా మీరొచ్చి చీటీ తీస్తే, ఏ కయ్యొచ్చినా మా మర్యాద పోగూడదు."

బండి కదిలింది. మొదటి లెక్క తప్పినందుకు ఇంత సంతోషపడ్డ ప్రయాణం నేను మరొకటి చేయలేదు.