తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా

బావ పోయిన మూడోనాడు సాయంత్రం లిలువాలో అక్కావాళ్ల రైల్వే క్వార్టర్లో జరిగిన సంగతి మా ఇంట్లో ఎవరం మళ్లీ ఎత్తలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

మాది బెంగాల్లో ఓడరేవు పక్కన వాట్‌గంజ్. శ్రీకాకుళం నుంచి డాక్ పనికి వచ్చి స్థిరపడిన బాప్టిస్టులం. నాన్న మా తెలుగు సంఘంలో పెద్ద. బైబిల్లో వేలుపెట్టి చూపించలేని మాట ఏదైనా ఆయన దృష్టిలో మనుషుల కల్పనే. అక్క మాత్రం కేథలిక్కుల ఇంటి కోడలు. బావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. మాట తక్కువ మనిషి. ఆదివారం అతను వస్తే చేపల బజారుకు నాన్నే స్వయంగా వెళ్లేవాడు. విడిగా ఉంటున్న నేను వస్తే అమ్మను పంపేవాడు.

మాలో ఒకరు పోతే ఆదరణ కూడిక పెడతారు. ప్రార్థన మిగిలినవాళ్ల కోసమే. పోయినవాడి సంగతి ఇక దేవుడు చూసుకుంటాడు. కేథలిక్కుల్లో పోయినవాడి ఆత్మ కోసమే జపమాల చెబుతారు. ఆ సాయంత్రం నాన్న మా సంఘం వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేసరికి గదిలో ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. మరియమాత పటం ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది ఆపండి. సచ్చిపోయినోడి కోసం ప్రార్దన సెయ్యమని వాక్యంలో ఎక్కడున్నాది?"

"ఓలమ్మ, అన్నయ్య బైబులొట్టుకునే వచ్చినాడు," అంది ఓ ముసలమ్మ. "కూసింత టీ నీళ్లియ్యండే, మెత్తబడతాడు."

ఎవరూ నవ్వలేదు. జపమాల చెప్పిస్తున్న వాళ్ల ఉపదేశి తన బైబిలు తీసి, యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం ప్రార్థన చేయించిన ఘట్టం చూపించాడు. నాన్న చాప మీద కూలబడి, తన బైబిలు దాని పక్కన పెట్టి పేజీలు తిప్పాడు. ముందుకు, వెనక్కు.

"ఏటిది? ఈ పుస్తకమే నా దాన్లో లేదు."

"మీ బైబుల్లోంచి మీ వోళ్లు తీసీసినారు," అన్నాడు ఉపదేశి.

"తీసీలేదు. మీ వోళ్లే కలిపీసినారు!"

వెనక నుంచి మావాడొకడు అందుకున్నాడు. "కలితీ సరుకు డాక్‌లో సూసినాం గాని, బైబుల్లో ఇదే సూడ్డం."

మా వాళ్లు నలుగురు నవ్వారు. కొవ్వొత్తి పక్కనే కూర్చున్న బావ వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను బయటికి వచ్చేశాను. బావతో పనిచేసిన ఎర్రజెండా యూనియన్ బెంగాలీ ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. దేవుణ్ణి నమ్మడు. పలకరించడానికి వచ్చాడు.

"గొడవేంటి దాదా?" అని బెంగాలీలో అడిగాడు.

ఎంత పెద్ద రభసనైనా ఒక్క వాక్యంలో చెప్పడం పత్రికలో నా పని. చెప్పాను. "చనిపోయిన మనిషిని కరుణించమని దేవుణ్ణి అడగొచ్చా, కూడదా అని."

"కూడదంటున్నది ఎవరు?"

"మా నాన్న."

"అల్లుడంటే ఇష్టం లేదా?"

"ప్రాణం," అన్నాను.

ఆయన సిగరెట్ వెలిగించుకోబోయి, మానేసి, జేబులో పెట్టుకున్నాడు. ఆ మర్యాద నన్ను ఇంకా కుంగదీసింది.

లోపల ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. తొంగిచూశాను. వంటింట్లోంచి అక్క వచ్చింది. మూడు రోజుల్లో ఆమె గది మధ్యకు రావడం అదే మొదలు.

"నానా, ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నువ్వు ప్రార్దన సేసినావా?"

"సెయ్యకేటమ్మా. కునుకు తియ్యలేదు."

"ఆయన పోయింది తెల్లారగట్ల. నీకు కబురొచ్చింది మద్యాన్నం. ఆ పొద్దున ఏటి సేసినావు?"

అమ్మ చెప్పగా నాకు తెలుసు. వాట్‌గంజ్ ఇంట్లో ఆ పొద్దునంతా నాన్న బావ కోసం మోకాళ్ల మీద నుంచి లేవలేదు. కబురు తెచ్చిన మనిషిని కూడా, ప్రార్థన ముగిసేదాకా, అమ్మ గుమ్మం బయటే ఆపింది.

"ఆ ప్రార్దన దేవుడు పారేసినాడేటి నానా?"

ఆయన రెండు బైబిళ్లనూ చూశాడు. తనది మూశాడు. బావ వాళ్లమ్మ కొంగు తీసి, కొంచెం జరిగి, చాప మీద చోటు చేసింది.

"కూకో అన్నయ్యా. మాతో జపమాల సెప్పొద్దులే. కూకో."

ఆడవాళ్లు జపమాల మళ్లీ ఎత్తుకున్నారు. మా వాళ్లు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని స్టేషన్ దారి పట్టారు. నాన్న వెళ్లలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయన పెదవులు కదిలాయో లేదో నేను చూడలేదు. చూసే మొహం నాకు లేకపోయింది.