బొగ్గు గీతల పలక

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి వేసవి. దిండి రేవు పక్కన పాక వేసుకుని పడవలు కడుతున్నాను. భద్రాచలం వైపు నుంచి తెప్పలుగా దిగివచ్చే టేకు దుంగలు కోయించి, పలకలు బిగించి, వాటి సందుల్లో కొబ్బరి పీచు కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపి కాచి పూస్తాం. పడవ ప్రాణం ఆ పీచులో ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది.

అంతకు ఆరేళ్ల ముందు సింహాద్రి అనే పడవవాడికి ఒక పడవ కట్టి ఇచ్చాను. వారం తిరక్కుండానే అతను రేవులో నిలబడి, "ఆచారిగారి పడవ కారుతోందండోయ్!" అన్నాడు. ఆరుగురు నవ్వారు. ఆ ఆరుగురి పేర్లూ ఇప్పటికీ వరసగా చెప్పగలను. పాకకు వచ్చి నాతో చెప్పి ఉంటే వేరు. నేను ఆ పడవ మొహం కూడా చూడలేదు. ఇసుకలో ఈడ్చి అతనే పాడుచేసుకున్నాడని అందరికీ చెప్పాను. తర్వాత అతను భార్యతో సహా క్రైస్తవంలో కలిసి దానియేలు అని పేరు మార్చుకున్నాడు. నేను మాత్రం పట్టుబట్టి సింహాద్రి అనే పిలిచేవాణ్ణి.

ఆ వేసవిలో ఒక ఉదయం అతను పాకలోకి వచ్చాడు. క్షయ పట్టి ఎముకల గూడులా ఉన్నాడు.

"ఆచారిగారూ, నాకో పెట్టె కావాలండి."

"ఏం దాచుకోడానికి?"

"నన్నేనండి."

నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చింది. తగ్గాక సంగతి చెప్పాడు. మతం మారినందుకు అతని వాళ్లు వెలివేశారు. పోతే శవాన్ని మోయబోమని మొహానే చెప్పేశారు. మిషన్ వారి సమాధుల దొడ్డి అవతలి ఒడ్డున ఉంది. తాళ్లు కట్టిన పెట్టె ఉంటే భార్య మరియమ్మ, అవతలి నుంచి వచ్చే ఉపదేశి, ఇద్దరే దాన్ని జార్చి పడవలోకి ఎక్కించగలరు.

"శవాన్ని పెట్టుకుని అది ఒక్కర్తీ దారిన పోయేవాళ్ల కాళ్లు పట్టుకోకూడదండి. నా దిగులంతా అదేనండి."

"మరి చావంటే భయం లేదా?"

"ఎందుకు లేదండీ? పడవలోంచి ఒడ్డు మీదికి కాలు వేసేటప్పుడు వణకదేటండి? అక్కడ చెయ్యి అందించేవాడున్నాడు. అందుకని దిగుతానండి."

బతికున్న మనిషికి చావు కొలత తీయడం మాలో అరిష్టం. మూరకర్ర ముట్టనన్నాను. "ఆయ్, తమరెందుకు లెండి," అని అతనే నేలమీదున్న టేకు పలకపై వెల్లకిలా పడుకున్నాడు. బొగ్గుముక్కతో తల పైన ఒక గీత గీశాడు. లేచి కూర్చుని మడమలు ఆనిన చోట మరొకటి గీశాడు.

ఆరేళ్లుగా నేను ఎదురుచూసిన అదను దొరికింది.

"చేస్తాను. రేపు రేవులో అందరి ముందూ ఆ పడవ కారలేదని ఒక్క మాట అను."

అతను వేళ్లకంటిన బొగ్గు పంచెకు తుడుచుకున్నాడు. "కారింది కదండీ."

"పోయేవాడివి. ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?"

"పోయేవాణ్ణి కాబట్టే అనలేనండి. రేపో మాపో దేవుడి ముందు నిలబడాలి. నోట్లో అబద్ధం పెట్టుకుని ఎలా వెళ్తానండి? తమరికి పని రాదని నేనెప్పుడూ అన్లేదండి. అలా అనుకుంటే పెట్టె కోసం ఇక్కడికెందుకు వస్తాను?"

"అయితే ఇంకో వడ్రంగిని చూసుకో, సింహాద్రీ."

దణ్ణం పెట్టి, గుంజలు పట్టుకుంటూ వెళ్లిపోయాడు. రెండు రోజుల్లో దిగివస్తాడనుకున్నాను. పలకను గోడకు ఆనించి ఉంచాను.

పదకొండో రోజు పొద్దున్న రేవుకు వెళ్లేసరికి పడవ ఒడ్డు వదిలింది. ఆరేళ్ల కిందట నేను అతనికి కట్టి ఇచ్చిన పడవే. చాపలో చుట్టిన శవం అడుగున ఉంది. ఉపదేశి తెడ్డు వేస్తున్నాడు. మరియమ్మకు ఏడవడానికి తీరిక లేదు. కొబ్బరి చిప్పతో నీళ్లు తోడి బయట పోస్తోంది. తోడుతూనే సన్నగా వాళ్ల కీర్తన ఏదో పాడుతోంది. చాప సగం దాకా తడిసిపోయింది. అప్పుడు నవ్విన ఆరుగురిలో ఇద్దరు నా పక్కనే ఉన్నారు. ఈసారి నవ్వలేదు.

పడవ తిరిగి వచ్చాక, అడక్కుండానే దాన్ని ఇసుకలో బోర్లించాను. అడుగున మూడో పలక పక్కన జానెడు మేర సందులో పీచు లేదు. ఊడిపోయింది కాదు. గుగ్గిలం మరక ఉంది గాని, లోపల పీచు కూరిన జాడే లేదు. అడుగు పని నేను ఎవరికీ అప్పగించను. అది నా చేతి పనే.

"కారింది," అన్నాను పైకే.

వెనక నిలబడ్డ మరియమ్మ విన్నది. "ఆయనా అదే అన్నారండి. అంతకు మించి ఏమీ అన్లేదండి."

ఆ పలక తీసేసి, గోడకు ఆనించిన టేకు పలక వేశాను. బొగ్గు గీతల మీదికి చిత్రిక పోనివ్వలేదు. పీచు మూడుసార్లు కూరాను.

అప్పటినుంచి నా పడవ కారిందని ఎవరైనా అంటే, ముందు సందులో వేలు పెట్టి చూస్తాను. కోపం తర్వాత. ఆ మొదటి మాట మాత్రం రేవులో అనకుండా పాకకు వచ్చి చెప్పాల్సిందని ఇప్పటికీ అంటాను. కానీ దానియేలు పాకకు వచ్చాడు. వచ్చిన రోజు నేనే వినలేదు.